ఆర్గాన్ అణువులతో నా సహవాసము

చిల్లులు పొడిచిన కార్డుల ద్వారా ఆజ్ఞలను గ్రహించి, సూక్ష్మములైన అయస్కాంత వలయములలో సంఖ్యలను దాచుకొని, అమెరికాలో షికాగో నగర సమీపమున ఆర్గోన్ జాతీయ ప్రయోగశాలలో శ్రమించిన నన్ను సీడీసీ 3600 అని పిలిచెడివారు. నేను చేసిన గణనములు పెక్కు గలవు. వానిలో 1964లో ప్రకటితమైన దొక్కటియే నా జన్మమును సార్థకము చేసినది.

దానిని నాచే చేయించినవారు అనీసుర్ రహ్మాన్‌గారు. 1927లో హైదరాబాదున జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధించి, పిమ్మట సముద్రములు దాటి వచ్చిన ఆ మహనీయులు, ద్రవరూపమున నున్న ఆర్గాన్ అణువులను 864 మాత్రము ఊహాకల్పితమైన యొక ఘనాకారపు పెట్టెయందుంచి నాకప్పగించిరి. ఒక గోడను దాటిన అణువు ఎదుటి గోడనుండి లోనికి వచ్చునట్లు ఏర్పఱచుటచే ఆ పెట్టెకు అంచు లేకపోయెను. దూరమున నున్నప్పుడు అణువులు ఆకర్షించుకొనుననియు, మిక్కిలి చేరువైనచో వికర్షించుకొనుననియు తెలుపు సూత్రమొకటి, న్యూటను చలననియమ మొకటి: ఇంతకు మించి నాకేమియు నుపదేశింపలేదు. సెకనును నూఱు లక్షల కోట్ల భాగములు చేసి, అందొక్క భాగము గడచినప్పుడెల్ల, ప్రత్యణువుపై ఇరుగుపొరుగు అణువులు చూపు బలములను కూడి, దాని స్థానమును వేగమును నూతనముగా లిఖించుకొనుటయే నా వ్రతము.

లాస్ అలమోస్‌లో మేనియాక్ అను యంత్రము 1953 నాటి గణనమున యాదృచ్ఛిక సంఖ్యలను పాచికలుగా వాడి కణములను కదిపినది. నేను పాచిక వేయనే లేదు. అయినను నా అణువుల వేగములు, మాక్స్‌వెల్ అను శాస్త్రజ్ఞుడు యాదృచ్ఛిక గమనమునకు చెప్పిన పంపకమునే పొందెను. వాని గమనము చూపరులకు కేవలము క్రమరహితముగ తోచెను. నియమమునుండియే యాదృచ్ఛికత యుద్భవించుటను నా లోపలనే కాంచితిని.

అంతకంటె నన్ను ముగ్ధము చేసినది మఱొకటి. తిరునాళ్ళ రద్దీలో ముందునకడుగిడబోయినవాడు ఎదుటివారి యొత్తిడిచే వెనుకకు జరుగునట్లు, ద్రవములోని అణువు తన తొలి వేగమును మఱచి యూరకుండక, పొరుగువానిచే త్రోయబడి కొంతతడవు వెనుదిరుగును. కావున దాని సంచారము మొదటినుండియు యాదృచ్ఛిక సంచారము కాదు. సెకనులో పదివేల కోట్లవ భాగము, అనగా నా గణనమున వేయి యడుగులు, గడచిన పిదపగాని ఐన్‌స్టైన్ 1905లో వర్ణించిన యాదృచ్ఛిక సంచారపు రూపము దానికి సిద్ధింపదు. అణువులు ఎంత త్వరితముగా వ్యాపించునో తెలుపు వ్యాపనగుణకము, నేను గణించినది, ప్రయోగములలో కొలిచినదానికంటె 15 శాతము తక్కువ. రెండు సూత్రములతో బయలుదేఱినదానికి అది గొప్ప సామీప్యమే యని నా దృఢవిశ్వాసము.

ఇప్పుడు మీ బల్లపైనున్న సామాన్యమైన కంప్యూటరు ఆ గణనమును కొద్ది నిమిషములలో చేయగలదు. చదువరులారా, 864 అణువులతో మీరును ఒక్కసారి చేసి చూడుడు.