దీనికి వీసా ఎవడిచ్చాడో! (సటీకా తాత్పర్యం)

అవతారిక

తాయిఫ్ సౌదీ అరేబియాలో సరవాత్ కొండల మీద, సముద్రమట్టానికి రమారమి 1,800 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. గులాబీలకు పేరు. చేప మాత్రం ఐసుపెట్టెలో కొండెక్కి రావలసిందే. అలాంటి చోట చేపనే నమ్ముకున్న పిట్ట ప్రస్తావన ఎలా వచ్చిందంటే, మా గదిలో ఉండే కోనసీమ తమ్ముడొకడు వ్యాను నడుపుతాడు. మొన్న చలికాలంలో హదా ఘాట్ దిగి జిద్దా వెళ్లి, అక్కణ్నుంచి మా వాట్సాప్ గ్రూపులో ఒక మాట వదిలాడు. అందరూ విని నవ్వేసి ఊరుకున్నారు. ఆ పూట వంట వంతు నాది, పప్పు ఇంకా ఉడకలేదు. అందుచేత ఈ వ్యాఖ్య పుట్టింది.

మూలం

"అన్నా! కొండ దిగొచ్చేశా. ఇక్కడ రాయి మీద మనూరి నీటికాకి రెక్కలారేసుకుని కూచుందన్నా. దీనికి వీసా ఎవడిచ్చాడో!"

ప్రతిపదార్థం

అన్నా = ఓ అన్నా (గ్రూపులో పదకొండు మంది ఉన్నారు, ముగ్గురు ఇతనికన్నా చిన్నవాళ్లు; కనుక ఇది వయోవాచకం కాదు, మర్యాదవాచకం); కొండ దిగొచ్చేశా = ఘాట్ మలుపులన్నీ దాటాను (బండికేమీ కాలేదని ధ్వని); రాయి మీద = జిద్దా తీరపు కార్నీష్ అంచున అలలు కొట్టే రాళ్లలో ఒకదాని మీద; మనూరి = అమలాపురం కాలవగట్టుకు చెందిన; నీటికాకి = నీటికాకి (వివరం ముందుంది); రెక్కలారేసుకుని = తడి పంచె దండెం మీద వేసినట్టు రెండు రెక్కలూ చాచుకుని; కూచుందన్నా = తీరుబడిగా కూర్చుంది, అన్నా (రెండోసారి సంబోధన, ఎవరూ జవాబివ్వనందుకు); వీసా ఎవడిచ్చాడో = ఏ కఫీల్ (పూచీపడే యజమాని) రప్పించాడో, ఇకామా (నివాస అనుమతి) ఉందో లేదో (చివరి ఓకారం ఆశ్చర్యార్థకం, రవంత అసూయార్థకం కూడా).

తాత్పర్యం

మనం కాగితాల కట్టతో వచ్చిన దేశానికి ఊరి పిట్ట ఉత్తచేతులతో వచ్చి కూర్చుందే అని వక్త విస్తుపోతున్నాడు.

విశేషాంశాలు

శబ్దవిచారం: నీటిలో బతికే నల్లని పిట్ట కనుక నీటికాకి. దీన్ని కాకి అన్నది మనమే కాదు. ఇంగ్లీషువాళ్ల కార్మొరాంట్ శబ్దానికి మూలం లాటిన్‌లో 'సముద్రకాకి'. శాస్త్రనామమైన ఫాలక్రోకొరాక్స్ గ్రీకులో 'బట్టతల కాకి'. అరబ్బులు గాఖ్ అంటారు, 'సముద్రకాకి' అన్నా వాళ్లకు తెలుస్తుంది. ఇన్ని భాషలవాళ్లు కూడబలుక్కోకుండా ఒకే పొరపాటు చేశారు. ఈ పిట్టకు కాకితో చుట్టరికం లేదు. కాకి కాళ్లకు చర్మపు జాలు ఉండదు, దీనికి నాలుగు వేళ్లనూ కలిపి ఉంటుంది.

సంఖ్యావిచారం: 'మనూరి నీటికాకి' అని వక్త ఏకవచనం వాడాడు. లోకంలో ఇవి దాదాపు 40 జాతులు. 2014లో కెనెడీ, స్పెన్సర్ అనే పరిశోధకులు జన్యువులు చూసి వీటిని ఏడు ప్రజాతులుగా పంచారు. మన దేశంలో మూడున్నాయి. చెరువుల్లో తరచుగా కనిపించే పొట్టిది చిన్న నీటికాకి, నీలికళ్లది భారతీయ నీటికాకి, పచ్చకళ్లతో బాతును మించిన ఒడ్డూపొడుగూ ఉన్నది పెద్ద నీటికాకి. నేలపట్టులో, కొల్లేట్లో ఎప్పుడో చూసి 'అన్నీ ఒకటే' అనుకుని వచ్చేసినవాళ్లలో ఈ వ్యాఖ్యాతా ఒకడు.

శంక: ఇంగ్లీషులో కొన్నింటిని కార్మొరాంట్ అనీ కొన్నింటిని షాగ్ అనీ అంటారు కదా, భేదమేమి? సమాధానం: శాస్త్రభేదం ఏమీ లేదు. వాళ్ల తీరంలో రెండు జాతులుండేవి. రెండోదానికి తలమీద జుట్టు లేచి ఉంటుంది కనుక షాగ్ అన్నారు. తర్వాత ఓడలెక్కి వెళ్లిన చోటల్లా ఏది తోస్తే ఆ పేరు పెట్టారు. దక్షిణ సముద్రాల్లోని ఆక్లండ్, క్యాంప్‌బెల్, బౌంటీ, ఛాతమ్ దీవుల్లో ఒక్కో దీవికి ఒక్కో షాగ్ ఉంది. ఒకే ఇంటిపేరు, వేర్వేరు కాపురాలు.

రెక్కల విచారం: ఒంట్లో నూనె లేక తడిసిపోతుందని పూర్వపక్షం. అది నిలవదు, నూనె గ్రంథి ఉంది. సిద్ధాంతమేమంటే, ఈక వెలుపలి అంచు నీరు పీల్చుకుంటుంది, లోపలి భాగం పీల్చుకోదు. అంచు తడిస్తే తేలడం తగ్గి మునగడం సులువవుతుంది, లోపల పొడిగా ఉంటే ఒళ్లు వెచ్చగా ఉంటుంది. పైకొచ్చాక అంచులు ఆరాలి. అందుకే ఆ దండెం భంగిమ. మూలంలోని 'ఆరేసుకుని' అనే మాట కేవలం ఉపమ కాదు, శాస్త్రసమ్మతమైన ప్రయోగం.

వీసావిచారం: మూలంలో గుండెకాయ ఇదే. మెదక్ సీమ కొల్చారానికి చెందిన మల్లినాథసూరి, మూలంలో లేనిదీ అక్కర్లేనిదీ రాయనని ప్రతిజ్ఞ చేసి వ్యాఖ్యానాలు రాశాడు. ఇకముందు మూడు పేరాల్లో ఆ మహానుభావుడి మాట దాటుతున్నాను, క్షమించాలి.

పసిఫిక్‌లో గాలాపగోస్ దీవుల్లో, అదీ ఇసబెలా, ఫెర్నాండినా అనే రెండింటిలోనే ఒక నీటికాకి ఉంది. ఎగరలేదు. గుమ్మం ముందే తిండి, తరిమే జంతువు లేదు, ఎక్కడికీ వెళ్లే పని లేదు. తరాలు గడిచేసరికి రెక్కలు మూడోవంతుకు కుదించుకుపోయాయి. ఊళ్లోనే కడుపు నిండినవాడికి రెక్కలతో పనేమిటి?

ఇంటిపట్టున ఉండటం అన్నివేళలా క్షేమం కాదు. 1741లో స్టెల్లర్ అనే ప్రకృతిశాస్త్రజ్ఞుడు బేరింగ్ దీవిలో కళ్లజోడు పెట్టుకున్నట్టుండే పెద్ద నీటికాకిని చూసి వర్ణించాడు. సరిగా ఎగరలేని భారీ పిట్ట, మాంసం దండి. వేటగాళ్లు దిగారు. 1850 ప్రాంతానికి ఒక్కటీ మిగల్లేదు.

మూడోరకం ఉద్యోగస్తులు. జపాన్‌లో గిఫు దగ్గర నగారా నదిలో వెయ్యేళ్లకు పైగా నీటికాకులతో చేపలు పట్టిస్తున్నారు. మెడకు తాడు కడతారు. చిన్న చేప గొంతు దిగుతుంది, పెద్దది దిగదు. దాన్ని కక్కించి యజమాని బుట్టలో వేసుకుంటాడు. ఇది చదివి ఎవరికైనా ఏదైనా కంపెనీ గుర్తొస్తే వ్యాఖ్యాత బాధ్యుడు కాడు.

పాఠాంతరం: అర్ధగంట తర్వాత తమ్ముడు ఫొటో పెట్టాడు. వేలితో పెద్దది చేసి చూశాను. ముక్కు మొదట పసుప్పచ్చ చర్మం, దాన్ని ఆనుకుని గొంతు మీద తెల్లమచ్చ. చిన్న నీటికాకికి అలా పసుప్పచ్చను ఆనుకున్న మచ్చ ఉండదు. అరేబియా తీరాలదే అయిన సొకోత్రా నీటికాకి కూడా కాదు, అది ముదురు రంగుది. పేరు సొకోత్రాదైనా ఆ పిట్ట ఆ దీవుల్లో గూడు పెడుతుందని నిర్ధారణ అయింది 2005లోనే.

ఇంత చిన్న మచ్చతో జాతి తేల్చవచ్చునా? తాయిఫ్‌లో కూర్చుని ఆ ప్రశ్న అడగకూడదు. ఊరి పక్కనే సయ్‌సద్ ఆనకట్ట ఉంది. హిజ్రీ 58లో, అంటే క్రీ.శ. 677-78 ప్రాంతంలో ఖలీఫా ముఆవియా కోసం కట్టినట్టు బండ మీద శాసనం. అక్షరాలను వేరు చేసే చుక్కలు కనిపించే తొలి అరబ్బీ శాసనాల్లో అదొకటి. అరబ్బీలో గాఖ్ అని రాసి మొదటి అక్షరం మీది చుక్క తీసేయండి. 'ఆఖ్' అవుతుంది, అంటే తల్లిదండ్రుల మాట వినని కొడుకు. చుక్క ఉంటే నీటికాకి, లేకుంటే మాలో ఒకడు.

సిద్ధాంతం

అది పెద్ద నీటికాకి. ఉత్తరాదిన నీళ్లు గడ్డకట్టే వేళ దక్షిణానికి దిగివచ్చే రకం. ఐస్లాండ్ నుంచి ఆస్ట్రేలియా దాకా ఈ జాతి ఉంది, మన జలాశయాల్లోనూ ఉంది. కనుక 'మనూరి' అన్న విశేషణం ఈ పిట్టకు తప్పు, జాతికి ఒప్పు. వీసా ఎవరూ ఇవ్వలేదు.

చలి తగ్గాక అది వెళ్లిపోతుంది. మా తమ్ముడి సెలవు ఆగస్టులో.