21 అడుగుల బాబాయి

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు గుంపుగా ఉండే కాలనీల్లో ఏ వీధిలో చూసినా కొన్ని శాల్తీలు ఖాయం. పెళ్ళిసంబంధాల చిట్టా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకు తిరిగే ఆవిడ ఒకరు. ఎవరింట్లో వ్రతమైనా ప్రసాదం పొట్లాలు లెక్కపెట్టే బాధ్యత తనదే అనుకునే ఆయన ఒకరు. చలి మొదలవగానే కరివేపాకు కుండీల్ని చంటిపిల్లల్లా గరాజ్‌లోకి మోసే దంపతులు ఒక జంట. ఈమధ్య ఆ వరసలోకి కొత్త శాల్తీ వచ్చి చేరింది: రిటైరయ్యాక పిస్తోలు పట్టిన బాబాయి.

మా వీధి బాబాయికి 68 ఏళ్ళు. సొంతూరు గుంటూరు జిల్లా. ముప్పయ్యేళ్ళు వంతెనల డ్రాయింగులు గీసి రిటైరయ్యాడు. అప్పటిదాకా ఆయన చేత్తో పట్టిన ఆయుధాలు రెండే: చిన్నప్పుడు ఉండేలు, ఆఫీసులో స్టేప్లరు. దీపావళికి సిసింద్రీ కూడా తమ్ముడిచేత వెలిగించి తను అరుగు మీదనుంచి చూసేవాడని పిన్ని వాంగ్మూలం.

మన ఇళ్ళలో బంగారం ఉంటుందన్న సంగతి ఇక్కడి దొంగలకీ తెలిసిపోయింది. మా పక్క వీధిలో ఒకరింట్లో దొంగలు పడ్డ మర్నాడే బాబాయి వెళ్ళి పిస్తోలు కొనుక్కొచ్చాడు. నిజానికి పిన్ని బంగారమంతా బ్యాంకు లాకర్లో ఉంది. ఇంట్లో దొంగకు దొరికేది రెండు జాడీల ఆవకాయ, ఒక ఇత్తడి బిందె, బాబాయి బీపీ మిషను.

"ఆ సంగతి దొంగకు తెలియదు కదోయ్," అంటాడు బాబాయి.

"గుమ్మానికి బోర్డు కడితే తెలుస్తుంది కదండీ," అంటుంది పిన్ని.

2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో 21 ఏళ్ళు నిండి, చట్టప్రకారం అర్హత ఉన్నవాళ్ళు లైసెన్సు లేకుండానే పిస్తోలు వెంట పెట్టుకోవచ్చు. లైసెన్సు కావాలనుకుంటే మాత్రం పరీక్ష ఉంది. ఎక్కడో పరీక్ష ఉందని తెలిశాక రాయకుండా ఊరుకోగలిగే తెలుగు ఇంజనీరు ఇంకా పుట్టలేదు. మొత్తం 50 గుళ్ళు: 3 గజాల నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10. మార్కులు 250కి, 175 వస్తే పాసు. బాబాయికి 228 వచ్చాయి. "91.2 శాతం, డిస్టింక్షన్," అని ఇండియాలో ఉన్న తోడల్లుడికి ఫోన్ చేసి చెప్పాడు. చిల్లులు పడ్డ ఆ గురికాగితాన్ని ఫ్రేము కట్టించి హాల్లో ఇంజనీరింగ్ పట్టా పక్కన తగిలించాడు. పోయిన 22 మార్కుల విషయంలో మాత్రం ఇప్పటికీ రీవాల్యుయేషన్ అడిగేవాడిలాగే కనిపిస్తాడు.

శనివారాల్లో ఆయన్ని షూటింగ్ రేంజికి తీసుకెళ్ళేది నేను. నేను మాత్రం కాల్చను. నాలా హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్ళు, కొన్ని మినహాయింపులు ఉంటే తప్ప, తుపాకీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. ఆ మినహాయింపుల్లో ఒకటి వేట లైసెన్సు. కోడిగుడ్డు కూడా ముట్టని కుర్రాళ్ళు తుపాకీ సరదాకొద్దీ వేట లైసెన్సు కొనుక్కోవడం ఇక్కడ వింతేం కాదు. నాకంత సాహసం లేదు. నాకు గ్రీన్ కార్డు వచ్చేసరికి ఎలాగూ బాబాయి వయసు వస్తుంది, అప్పుడు చూద్దాం. అందాకా నా డ్యూటీ కారు తోలడం, కాగితాలు మోయడం, చెవులు మూసుకోవడం.

గురి చూడటమంటే మూడింటిని ఒకే గీతలోకి తేవడం: పిస్తోలు మీద వెనక ఉన్న గాడి, ముందున్న మేకు, ఎదుట కాగితం. మూడూ మూడు దూరాల్లో ఉంటాయి. కంటికి ఒకసారి ఒకటే స్పష్టంగా ఆనుతుంది. కుర్రవాళ్ళ కన్ను వాటిమధ్య చకచకా పరుగులు పెట్టి మూడూ కనపడుతున్నట్టే నమ్మిస్తుంది. అరవై దాటిన కన్ను అంత శ్రమ తీసుకోదు. కాగితం మసకైనా ఫరవాలేదు, ముందు మేకును చూడమని గురువులు చెబుతారు. బాబాయికి ఆ మేకే మసక. ఆయన ప్రోగ్రెసివ్ కళ్ళజోడులో దగ్గరచూపు అద్దం అడుగున ఉంటుంది. అందుకని గడ్డం పైకెత్తి, ముక్కు మీదుగా కిందికి, కొత్తకోడలు పెట్టిన పులుసును చూసే అత్తగారిలా గురి చూస్తాడు.

ఒకరోజు కంటి డాక్టరు దగ్గరికి టేపు పట్టుకెళ్ళి, చెయ్యి చాపి, కంటికీ మేకుకీ ఎంత దూరమో కొలిపించి, సరిగ్గా ఆ దూరానికి ఇంకో జోడు చేయించాడు. ఇప్పుడు మేకు దివ్యంగా కనిపిస్తోంది. ఎదురుగా ఉన్న మనిషే కనపడడు. వచ్చింది దొంగో, సెలవులకొచ్చిన కొడుకో తేలాలంటే జోడు మార్చాలి. ఇలా కాదని పిస్తోలుకు ఎర్రచుక్క పడే అద్దం బిగించాడు. ఎదుటివాణ్ణి చూస్తే చాలు, చుక్క తనే వాడి మీద వాలుతుందన్నారు. తీరా చూస్తే బాబాయికి ఆస్టిగ్మాటిజం. చుక్క కాస్తా తోకచుక్కయింది.

ఇక చేతుల సంగతి. పిస్తోలు పైభాగం, అంటే స్లైడ్, వెనక్కి లాగి వదిలితేగాని తూటా లోపలికి ఎక్కదు. లోపలి స్ప్రింగు గట్టిది, బాబాయి బొటనవేలికి కీళ్ళనొప్పి. లాగేవాడు, ఆగి ఊదుకునేవాడు, చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని మళ్ళీ లాగేవాడు. మూత బిగుసుకున్న ఊరగాయ సీసాతో కుస్తీ పట్టినట్టే ఉండేది. పక్క వరసలో కాల్చుకుంటున్న ఓ టెక్సాస్ ముసలమ్మ చూసి జాలిపడింది. "పైదాన్ని లాగకు. గట్టిగా పట్టుకుని ఊరుకో. కిందదాన్ని ముందుకు తొయ్యి," అంది. అంతే, జరిగింది. లాగే బలం కంటే తోసే బలం ఎక్కువట. ఇంటికొచ్చి ఈ సూత్రాన్ని పిన్నికి వివరించాడు. "చపాతీ పిండి నలభై ఏళ్ళుగా అలాగే కలుపుతున్నాను," అని ఆవిడ లోపలికెళ్ళిపోయింది.

పెద్దవాళ్ళ చేతుల కష్టం కంపెనీలకూ అర్థమైంది. స్మిత్ అండ్ వెస్సన్ వాళ్ళు 2018లో స్లైడ్ తేలిగ్గా జరిగే పిస్తోలు తెచ్చి, పేర్లోనే 'ఈజీ' అని తగిలించారు. బాబాయి ససేమిరా అన్నాడు. "ఈజీ అని రాసున్నది పట్టుకుంటే నలుగురూ ఏమనుకుంటారోయ్?"

చెవులకు పెట్టుకునే ఎలక్ట్రానిక్ డిప్పల్ని మాత్రం ప్రేమించాడు. అవి పేలుడు చప్పుణ్ణి ఆపేసి చిన్న మాటల్ని పెద్దవి చేస్తాయి. వినికిడి మిషను పెట్టుకోమంటే నామోషీ అన్న మనిషి, ఇప్పుడు సోఫాలో డిప్పలు తగిలించుకుని టీవీ చూస్తున్నాడు. వంటింట్లో పిన్ని గొణుక్కునేవన్నీ మొదటిసారిగా ఆయన చెవిన పడుతున్నాయి. ఇద్దరికీ అది అంత మంచి పరిణామం కాదు.

వయసు మాటెత్తితే ఆయన దగ్గర జవాబు సిద్ధం. స్వీడన్‌కు చెందిన ఆస్కార్ స్వాన్ 1920 ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లో షూటింగులో వెండి పతకం కొట్టినప్పుడు ఆయనకు 72 ఏళ్ళు. ఉత్తరప్రదేశ్‌లో జోహ్రీ అనే పల్లెటూళ్ళో చంద్రో తోమర్ అరవై దాటాక పిస్తోలు పట్టి దేశమంతా 'షూటర్ దాదీ' అనిపించుకుంది. "ఆవిడ మనవరాలికి తోడుగా వెళ్ళి నేర్చుకుంది. మీకు తోడెళ్ళేవాడు టిఫిన్ కోసం వస్తాడు," అంది పిన్ని నా వంక చూస్తూ. కాదనలేను, పెసరట్టు నోట్లో ఉంది.

ఇంకో ఘనత కూడా ఉంది. గుండె దడ తగ్గించి చెయ్యి వణక్కుండా చేస్తాయని బీటా బ్లాకర్ మందుల్ని షూటింగ్ పోటీల్లో నిషేధించారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా షూటరు కిమ్ జోంగ్ సు ఆ జాతి మందు వాడి దొరికిపోయి రెండు పతకాలు పోగొట్టుకున్నాడు. బాబాయి బీపీకి డాక్టరు రాసిచ్చింది ఆ జాతి బిళ్ళే. "అంటే రోజూ పొద్దున్నే ఇడ్లీ తిని నేను చేస్తున్నది డోపింగన్నమాట!" ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో వెలుగు చూడాలి. బిళ్ళ వేసుకోవడం ఆ రోజునుంచీ ఒక్కపూట కూడా మర్చిపోలేదు.

నవ్వుతాంగానీ, జాగ్రత్తలో బాబాయికి వంక పెట్టలేం. జెఫ్ కూపర్ అనే గురువు నేర్పిన నాలుగు సూత్రాలు సంధ్యావందనంలా పట్టాడు: ప్రతి తుపాకీలోనూ గుండు ఉందనే అనుకో, నాశనం చేయదలచుకోని దానివైపు గొట్టం తిప్పకు, గురి కుదిరేదాకా ట్రిగ్గరు మీద వేలు పెట్టకు, దేన్ని కాలుస్తున్నావో, దాని వెనక ఏముందో తెలుసుకో. తెలుసుకున్నది వంటింట్లోనూ పాటిస్తాడు. గ్యాస్ లైటరు పట్టుకుంటే చూపుడువేలు పక్కకు చాచి, పొయ్యి దగ్గరికెళ్ళాకే మీట మీద వేస్తాడు. పెట్రోలు బంకులోనూ అంతే. పిన్ని కోపంలో వేలు చూపిస్తే, "ముందు ఆ వేలు నేలవైపు తిప్పు," అంటాడు.

ఓ శనివారం పిస్తోలు ఊసిన ఖాళీ తూటా తొడుగు ఎగిరొచ్చి సరిగ్గా ఆయన కాలరులో పడింది. అప్పుడే పేలిన ఇత్తడి, సలసలా కాలుతూ ఉంటుంది. ఆ స్థితిలో కుర్రాళ్ళే పిస్తోలుతో సహా గిర్రున తిరిగి పక్కవాళ్ళ ప్రాణాలమీదికి తెస్తారు. బాబాయి మొహం ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళొచ్చాయి, మీసం అదిరింది. కానీ గొట్టం గురివైపు నుంచి అంగుళం కదల్లేదు. ట్రిగ్గరు మీంచి వేలు తీశాడు. మ్యాగజైన్ దించాడు. స్లైడ్ లాగి లోపల ఖాళీయేనని ఒకసారి చూశాడు, కళ్ళజోడు సర్దుకుని రెండోసారి చూశాడు. పిస్తోలును బల్లమీద పడుకోబెట్టాడు. రెండడుగులు వెనక్కొచ్చాడు. అప్పుడు మొదలెట్టాడు తాండవం. చొక్కా గుండీలు రెండు నాకు దొరికాయి, మూడోది ఇప్పటికీ రేంజిలోనే ఉంది.

ఇంటికొస్తే మైల. కాల్చినప్పుడు లేచే సీసం ధూళి బట్టలకూ చేతులకూ అంటుతుంది. అందుకని బూట్లు గరాజ్‌లో విడిచి, ఏమీ ముట్టకుండా తిన్నగా స్నానానికి పోవాలి. శ్మశానం నుంచి వచ్చిన మనిషికి చెప్పినట్టే పిన్ని దూరంనుంచి దారి చూపిస్తుంది.

స్నానం అయ్యాక ఆనాటి గురికాగితం మీద తేదీ వేసి ఫైల్లో పెడతాడు. ఆ ఫైలు ఒకరోజు నాకు చూపించాడు. రెండేళ్ళ కిందట చిల్లులన్నీ కాఫీ కప్పు నోరంత జాగాలో ఉన్నాయి. ఇప్పుడు సాసరంత అయ్యాయి. "గుళ్ళో కలిసినవాళ్ళు, పెళ్ళిళ్ళలో కలిసినవాళ్ళు అందరూ 'మీరేం మారలేదండీ' అంటారోయ్. ఈ కాగితం ఒక్కటే మొహమాటపడదు," అన్నాడు. ఆయన ఇన్నాళ్ళూ కాపు కాస్తున్నది ఏ దొంగకోసమో నాకు అప్పుడు కొంచెం అర్థమైంది.

1983లో సాల్ట్ లేక్ సిటీ పోలీసు డెన్నిస్ టుల్లర్ ఓ వ్యాసం రాశాడు. కత్తి పట్టినవాడు 21 అడుగుల దూరాన్ని సుమారు సెకనున్నరలో దాటి మీదపడతాడని అందులో లెక్క తేల్చాడు. ఆ లెక్క చదివాక బాబాయికి నిద్ర పట్టలేదు. నన్ను పిలిచి స్టాప్‌వాచ్ ఇచ్చి, మంచమెక్కి దుప్పటి కప్పుకున్నాడు. నేను "దొంగ!" అన్నాను. దుప్పటి తీయడానికి 2 సెకన్లు. "హమ్మా" అంటూ లేచి కూర్చోవడానికి 4. తల తిరక్కుండా మంచం అంచున ఆగమని డాక్టరు చెప్పిన ఒక నిమిషం. చెప్పులకు 6. కళ్ళజోడుకు 9. బీరువా దాకా నడకకు 5. తుపాకీ పెట్టెకు వేలిముద్ర చూపిస్తే, వేళ్ళు ఎండి గీతలు అరిగినందువల్ల అది గుర్తుపట్టదు, మూడు ప్రయత్నాలకు 12. చివరికి అంకెలు నొక్కడానికి 7. మొత్తం 105 సెకన్లు.

"ఈలోగా దొంగ 70 సార్లు రావచ్చు," అన్నాను లెక్కగట్టి.

"ఒక్కసారే వచ్చి కాఫీ తాగి వెళ్ళొచ్చు," అంది పిన్ని.

ఆ పెట్టె నంబరు 0814. ఆగస్టు 14, పిన్ని పుట్టినరోజు. భార్య సంతోషిస్తుంది, తనకూ గుర్తుంటుందని ఒకే దెబ్బకు రెండు పిట్టలు కొట్టాననుకున్నాడు. పగటిపూట చేతికి లోషన్ రాసుకుంటే వేలిముద్ర పనిచేస్తుంది, నంబరుతో పని పడదు.

పెద్దవాళ్ళు కారు తాళాలు ఎప్పుడు అప్పగించాలో మాట్లాడుకున్నట్టే, తుపాకీ ఎప్పుడు అప్పగించాలో కూడా ఇంట్లో ముందే అనుకోవడం మంచిదని ఇక్కడి డాక్టర్లు చెబుతుంటారు. సియాటెల్‌లో ఉన్న కొడుకు ఆ మాట కదిపితే బాబాయి నొచ్చుకోలేదు. డ్రాయింగుల మీద రాసే ముత్యాల్లాంటి అక్షరాలతో, "ఏ రోజు పెట్టె నంబరు మర్చిపోతానో ఆ రోజు నుంచి తుపాకీ మా అబ్బాయిది" అని రాసి సంతకం చేశాడు. సాక్షి సంతకం నాది. కాగితం ఫ్రిజ్ మీద అంటించారు.

ఫిబ్రవరిలో ఓ రాత్రి రెండున్నరకు గరాజ్‌లో ఢామ్మని చప్పుడైంది. బాబాయి లేచాడు. క్రమం ఒక్కటీ తప్పలేదు: దుప్పటి, హమ్మా, ఒక నిమిషం, చెప్పులు, కళ్ళజోడు. వేలిముద్ర పడలేదు. అంకెలు నొక్కాడు, తప్పు. ఇంకోటి నొక్కాడు, తప్పు. చీకట్లోంచి గుసగుసగా అడిగాడు.

"ఏమోయ్, నీ పుట్టినరోజెప్పుడు?"

"పెళ్ళయిన 42 ఏళ్ళకు, అర్ధరాత్రి దొంగ వస్తేగాని ఆ ప్రశ్న అడగాలనిపించలేదన్నమాట మీకు," అంది పిన్ని. చెప్పనంది. పడకగది తలుపు గడియ పెట్టి, ఫోనులో గరాజ్ కెమెరా చూసింది. కరివేపాకు కుండీలు పెట్టిన బల్ల కాలు విరిగి పడుంది. ముప్పయ్యేళ్ళు వంతెనలు గీసిన ఇంజనీరు స్వహస్తాలతో చేసిన బల్ల అది.

పొద్దున్నే పంచాయితీ. కొడుకు వీడియోలో, సాక్షిగా నేను, మధ్యలో ఫ్రిజ్ మీది కాగితం. "రూలు మీరే రాశారు నాన్నా," అన్నాడు కొడుకు మెల్లగా. బాబాయి వాదించలేదు. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడిచాడు, తుడిచినదాన్నే మళ్ళీ తుడిచాడు.

పిన్ని కాఫీ గ్లాసు ఆయన ముందు పెట్టి, ఫోను వైపు తిరిగింది. "ఒరే, ఆ రూలు పెట్టింది ముసలితనం వచ్చిందో లేదో తెలియడానికే కదా? మీ నాన్నకు 26 ఏళ్ళప్పుడు కూడా నా పుట్టినరోజు గుర్తులేదు. ఇప్పుడు కొత్తగా మర్చిపోయిందేముంది? ఇది వయసు కాదురా, నైజం."

కేసు కొట్టేశారు. శిక్ష మాత్రం పిన్నే వేసింది. ఆ నెలనుంచి ప్రతి శనివారం రేంజిలో బాబాయి కాళ్ళు కాస్త ఎడంగా పెట్టి, కళ్ళు మూసుకుని, మొదటి గుండు పేల్చేముందు "సున్నా ఎనిమిది ఒకటి నాలుగు, సున్నా ఎనిమిది ఒకటి నాలుగు" అని మూడుసార్లు జపిస్తాడు. రేంజి ఆఫీసరు పాపం అదేదో హిందూ మంత్రమనుకుని, అయ్యేదాకా భక్తిగా టోపీ తీసి నిలబడతాడు. నేనూ ఆయన అపోహ పోగొట్టలేదు.