చచ్చినవాడికి ఐదో ర్యాంకు

బాక్సర్ క్రాఫర్డ్ గ్లవ్స్ విప్పాడు, ఊరంతా పెన్ను మూత విప్పింది. 2025 సెప్టెంబరులో కానెలోను ఓడించి మూడో బరువులోనూ బెల్టులన్నీ పోగేసుకున్న మనిషి, 42 పోటీల్లో ఒక్కటీ ఓడకుండా డిసెంబరులో ఇక చాలన్నాడో లేదో, ఆధునిక యుగపు మహా బాక్సర్ల లిస్టులు దిగబడ్డాయి. అలీ మొదటా, రాబిన్సన్ మొదటా? మేవెదర్ మూడా, ఏడా? క్రాఫర్డ్‌ను ఉసిక్‌కి పైన కూర్చోబెట్టాలా, కింద కూర్చోబెట్టాలా? ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా, గూడెం నుంచి మా అత్తిలి దాకా, చేతిలో ఫోనున్న ప్రతివాడూ ఇప్పుడు సెలక్షన్ కమిటీ చైర్మనే. టైసన్‌ను లైగర్ సినిమాలో తప్ప ఎక్కడా చూడని మహానుభావుడు కూడా, అదే టైసన్‌ను రెండుసార్లు ఓడించిన హోలీఫీల్డ్‌ని టైసన్‌కి రెండు మెట్లు కింద నిలబెట్టి, తీర్పు అయిపోయిందని టీ తాగుతున్నాడు. అప్పీలు లేదు.

సంక్రాంతి బరుల జిల్లాలో ఉన్నవాళ్లకి ఈ విద్య మరీ కొత్తదేమీ కాదు. మనకి కోడిపందేల కుక్కుట శాస్త్రం ఉంది. ఏ వారం కాకి పుంజుది పైచేయి, ఏ జాములో డేగ మీద నెమలి నెగ్గుతుంది, ఏ దిక్కు నుంచి పుంజును బరిలోకి వదలాలి అని అందులో అన్నీ రాసే ఉంటాయి. ఆ శాస్త్రాన్ని నేను నమ్మను, కోడి కాలికి కత్తి కట్టడాన్ని అసలే ఒప్పుకోను. కానీ న్యాయం న్యాయంగా చెప్పుకోవాలి. అందులో లిస్టులవాళ్లకి లేని నిజాయితీ ఒకటుంది. పొద్దున పంచాంగం చూసి చెప్పిన మాట పొద్దుగూకేలోపు బరిలో తేలిపోతుంది. డేగ నేలకొరిగాక కూడా 'శాస్త్రం ప్రకారం డేగదే గెలుపు' అని డబ్బులడిగే పందెంరాయుణ్ణి ఎవరూ కూర్చోనివ్వరు. 1950 నాటి సేతువను ఇవాళ్టి పర్లతో జోడీ కట్టి, గెలిచిందెవరో తనే రాసుకునే శాస్త్రకారుడైతే ఇంతవరకూ పుట్టలేదు. మన లిస్టుల పండితులకి మాత్రం బరితో పనే లేదు. బరిలో తేలాల్సినదాన్ని కాగితం మీద తేల్చేయడమే వాళ్ల వృత్తి. నా గొడవంతా దాంతోనే.

ఎక్కువ లిస్టుల్లో మొదటి కుర్చీ షుగర్ రే రాబిన్సన్‌ది. రింగ్ పత్రిక 2002లో ఎనభై ఏళ్ల బాక్సింగ్‌ని వడపోసినప్పుడూ ఆయనదే మొదటి పేరు. హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ రెండు, అలీ మూడు. ఆయన గొప్పవాడు కాడనడానికి నేనెవణ్ణి? కానీ ఆయన పేరు కింద మేవెదర్ పేరు రాసి మధ్యలో గీత గీసేవాళ్లు ఏ తూకపురాళ్లు వాడుతున్నారో అడగాలి కదా. 1943 ఫిబ్రవరి 5న జేక్ లమోటా చేతిలో ఓడిన రాబిన్సన్ 19న జాకీ విల్సన్‌తో ఆడి గెలిచాడు, 26న మళ్లీ లమోటా ఎదుట నిలబడి బాకీ తీర్చేశాడు. ఒకే నెలలో మూడు పోటీలు. మొత్తం మీద రెండొందల దాకా ఆడి పంతొమ్మిది ఓడాడు, అందులో చాలా ఓటములు వయసు మళ్లాక వచ్చినవి. మేవెదర్ ఇరవై ఒక్క ఏళ్లలో యాభై ఆడాడు, ఒక్కటీ ఓడలేదు. ఆ యాభయ్యో గెలుపు 2017లో మెక్‌గ్రెగర్ మీద. మెక్‌గ్రెగర్‌కి ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో అదే మొదటి పోటీ. నెలకు మూడుసార్లు దెబ్బలు తిన్న కాలాన్నీ, ఎదుటివాణ్ణి ఆచితూచి ఎంచుకునే కాలాన్నీ ఒకే నిచ్చెన మీద ఎక్కించి ఎవరు పైమెట్టు అని అడిగితే వచ్చేది జవాబు కాదు, అడిగినవాడి అభిమానం.

దీనికి వాళ్ల దగ్గర ఒక మంత్రం ఉంది, పౌండ్ ఫర్ పౌండ్. అందరూ ఒకే బరువైతే ఎవరు గెలుస్తారన్న ఊహ. 120 కిలోలు దాటిన టైసన్ ఫ్యూరీని కుదిస్తారు, 55 కిలోల నవోయా ఇనౌవేను సాగదీస్తారు, ఇద్దర్నీ తమ బుర్రలోనే కొట్టించి ఫలితం మనకి ప్రకటిస్తారు. సాగదీసిన ఇనౌవేకి ఆ వేగం ఎందుకుంటుంది? కుదించిన ఫ్యూరీకి అంత పొడుగు చేతులు ఎక్కడ మిగులుతాయి? ఎవరి ఆట వాళ్ల ఒంట్లోంచి పుట్టింది. ఒళ్లు మార్చేశాక మిగిలేది ఆ మనిషీ కాదు, ఆ ఆటా కాదు.

'సరేనయ్యా, మనుషుల అభిప్రాయాలు పక్కన పెడదాం, కంప్యూటర్‌ని అడుగుదాం. ఇప్పుడు ఏఐ ఉంది, దానికి అభిమానాలుండవు' అంటున్నారు కొత్త పండితులు. ఈ తెలివి కొత్తది కాదు, దీనికి యాభై ఏళ్లు దాటాయి. 1967లో మయామీలో మర్రీ వొరోనర్ అనే రేడియో నిర్మాత పదహారు మంది హెవీవెయిట్లను ఎన్‌సీఆర్ 315 అనే కంప్యూటర్‌లోకి ఎక్కించి టోర్నమెంటు నడిపాడు. ఎవరి గుద్దుకి ఎంత బలం, ఎవరి దవడకి ఎంత ఓర్పు అన్నది బాక్సింగ్ తెలిసినవాళ్లని అడిగి అంకెలుగా మార్చి యంత్రానికి మేపారు. అంటే లోపలికి వెళ్లింది అభిప్రాయమే, బయటికి వచ్చేటప్పుడు మాత్రం అది శాస్త్రం. ఆ శాస్త్రం తేల్చిందేమిటంటే, 1905లోనే రిటైరైన జిమ్ జెఫ్రీస్ చేతిలో అలీ ఓడిపోయాడట. అప్పటికి అలీ నిజమైన ప్రొఫెషనల్ రింగులో ఒక్కసారి కూడా ఓడలేదు. సైన్యంలో చేరనన్నందుకు బెల్టు లాక్కున్నారు, ఆడనివ్వడం మానేశారు. బతికున్నవాడికి రింగు లేకుండా చేసి, రేడియోలో మాత్రం ఓడించారు. ఆయన మిలియన్ డాలర్లకు దావా వేశాడు. వెయ్యడా మరి?

కథ అక్కడ ఆగినా బాగుండేది. ఆ దావా చివరికి రాజీ దగ్గర తేలింది. మార్సియానోతో కెమెరా ముందు ఆడటానికి అలీ ఒప్పుకున్నాడు. 1969లో మయామీలో ఒక స్టూడియో తలుపులు మూసి షూటింగ్ మొదలుపెట్టారు. ఒక పక్క పోటీలకు దూరమైన ఇరవై ఏడేళ్ల అలీ. ఇంకో పక్క 49 గెలుపులతో 1956లో విరమించుకుని, దీనికోసం ఒళ్లు తగ్గించుకుని, బట్టతల మీద విగ్గు పెట్టుకొచ్చిన నలభై అయిదేళ్ల రాకీ మార్సియానో. రౌండు తరువాత రౌండు నటించారు. ఎవరు పడిపోయేదీ వాళ్లకే తెలియదు కనక పడిపోవడాలు కూడా రకరకాలుగా తీసి పెట్టుకున్నారు, కంప్యూటర్ ఏది చెబితే అది అతికించడానికి. షూటింగ్ ముగిసిన కొద్ది వారాలకే, ఆగస్టు 31న, మార్సియానో విమాన ప్రమాదంలో చనిపోయాడు. ఫలితం ఏమిటో ఆయనకి తెలియనే లేదు.

1970 జనవరి 20న థియేటర్లలో బొమ్మ పడింది. అమెరికా ప్రేక్షకులకి పదమూడో రౌండులో మార్సియానో నాకౌట్ చేశాడు. యూరప్‌లో చూపించిన ప్రతిలో అలీ గెలిచాడు. ఒకే యంత్రం, ఒకే పోటీ, టిక్కెట్ కొన్న ఊరిని బట్టి విజేత! ఆ కంప్యూటర్‌ని అలబామాలో తయారుచేసి ఉంటారని అలీ వేళాకోళం చేశాడు. నల్లవాళ్లని వేరు కుళాయిలో నీళ్లు తాగించిన రాష్ట్రం అది. నవ్వించే మాటే గానీ అందులోనే మొత్తం విమర్శ ఉంది. మేపినవాడి బుద్ధే యంత్రం బుద్ధి. ఇవాళ ఫోన్లో ఏఐని అడిగి, అది పది పేర్లు వల్లించగానే 'చూశారా, నిష్పక్షపాతం' అనేవాళ్లు, విగ్గు పెట్టుకున్న మార్సియానో గుద్దులకి ఈలలు వేసినవాళ్ల మనవలు. లోకంలో ఇప్పటికే ఉన్న లిస్టుల్ని చదివి అది మరో లిస్టు చెబుతుంది. వందమంది అరుపుల సరాసరి ఒక తీర్పు ఎలా అవుతుంది?

'అయ్యో, ఇదంతా సరదాకండీ, ఎవరికి నష్టం?' అంటారు. రచ్చబండ మీద సరదాకి ఎవరైనా ఏమైనా అనుకోవచ్చు, నాకూ అభ్యంతరం లేదు. కానీ ఈ ఆటలో ర్యాంకు అంటే డబ్బు. లిస్టులో పైన ఉంటేనే టైటిల్ పోటీ, పోటీ ఉంటేనే టీవీ, టీవీ ఉంటేనే కూడు. అందుకే ఆ కాగితం ఎప్పుడూ అమ్మకానికే ఉంది. 1977లో ప్రమోటర్ డాన్ కింగ్ నడిపిన అమెరికా టోర్నమెంటు కోసం రింగ్ పత్రిక రికార్డుల్లోకి జరగని గెలుపులు వచ్చి కూర్చున్నాయి. బయటపడ్డాక ఏబీసీ టీవీ ప్రసారమే ఆపేసింది. ర్యాంకులకు లంచాలు పుచ్చుకున్నారన్న కేసులో ఐబీఎఫ్ అధ్యక్షుడు బాబ్ లీ పెద్ద ఆరోపణల నుంచి తప్పించుకున్నా, మనీ లాండరింగ్, పన్ను ఎగవేతల కింద శిక్ష పడింది. అన్నిటికీ పైన డారిన్ మోరిస్. 2000 అక్టోబరులో ఆ బాక్సర్ చనిపోయాడు. చనిపోయేనాటికి డబ్ల్యూబీవో లిస్టులో ఏడో స్థానం. తరువాతి నెలల్లో ఆరుకి వెళ్లాడు, అక్కణ్ణించి ఐదుకి. 2001లో ఎవరో చెబితే గానీ ఆ సంస్థకి తెలియలేదు. సమాధిలో పడుకున్నవాడు రెండు మెట్లు ఎక్కుతుంటే, జిమ్ములో ఒళ్లు హూనం చేసుకుంటున్న ఏ కుర్రాడు ఒక మెట్టు దిగాడో ఎవరైనా లెక్క చూశారా? వాడి పేరు ఎవరికీ గుర్తులేదు. దాన్ని సరదా అనకండి, దొంగతనం అనండి.

అక్కడి సంగతి ఎందుకు, మన నిజామాబాద్ సంగతి చూడండి. 2019లో టోక్యో ఒలింపిక్ క్వాలిఫయర్‌కి 51 కిలోల్లో ట్రయల్ అక్కర్లేదు, మేరీకోమ్ వెళ్తుందని బాక్సింగ్ ఫెడరేషన్ పెద్దలు నిర్ణయించుకున్నారు. ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్ కదా, ఇక ట్రయల్ ఎందుకన్నది వాళ్ల లెక్క. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ క్రీడామంత్రికి లేఖ రాసింది. నేను మేరీకోమ్ కన్నా గొప్పదాన్నని అందులో రాయలేదు. న్యాయంగా ట్రయల్ పెట్టండి, అంతే. ఆ ఒక్క మాటకి ఆ అమ్మాయి మాటలు పడాల్సి వచ్చింది. డిసెంబరు 28న ట్రయల్ జరిగింది, 9-1తో మేరీకోమ్ గెలిచింది, గెలిచి చెయ్యి కూడా కలపలేదు. ఓడితే ఓడింది. ఆ ఓటమి నిఖత్ తన ఒంటితో తెచ్చుకున్నది, ఎవరో ఆఫీసులో కూర్చుని రాసిచ్చింది కాదు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది కూడా ఆ ఒంటితోనే. 2024లో పారిస్‌కి వెళ్లేసరికి? రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్‌కి సీడింగే లేదు. రెండో పోటీలోనే మొదటి సీడ్, చైనా అమ్మాయి వు యు ఎదురైంది. 5-0తో వు యు గెలిచింది, స్వర్ణం కూడా పట్టుకుపోయింది. వు యు గెలుపుతో నాకు పేచీ లేదు, రింగులో తేలింది కనక తలవంచుతాను. నా పేచీ ఆ కాగితంతో. డ్రా తీయాలంటే ఏదో ఒక వరస ఉండాలన్నది నిజమే. కానీ రెండుసార్లు లోకాన్ని గెలిచిన మనిషిని పక్కన పెట్టిన వరసని చూసి కూడా వరసల మీద ఇంకా భక్తి ఉందంటే, అది ఆట మీద భక్తి కాదు.

ఇంక మిగిలిన అభ్యంతరం గట్టిదే, దాటేయకూడదు. రింగులో మాత్రం అన్నీ న్యాయంగా తేలుతున్నాయా అని. తేలడం లేదు. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో రాయ్ జోన్స్ 86 గుద్దులు దింపాడు, కొరియా బాక్సర్ పార్క్ సీ-హున్ 32 దింపాడు, జడ్జీలు 3-2తో పార్క్‌కి స్వర్ణం ఇచ్చారు. ఆ ఒలింపిక్స్‌లో ఉత్తమ బాక్సర్ బహుమతి మళ్లీ ఓడిన జోన్స్‌కే ఇచ్చారు. సిగ్గుచేటే. కానీ ఆ సిగ్గు మనకెలా తెలిసింది? మూడు రౌండ్లు అందరి కళ్ల ముందు జరిగాయి కనక, గుద్దులు లెక్కపెట్టగలిగాం కనక. రింగులో అన్యాయం జరిగితే పట్టుకోవడానికి రింగే సాక్ష్యం. లిస్టులో అన్యాయం జరిగితే ఏం చూపించి నిలదీస్తారు? అలీని ఏడో స్థానంలో పెట్టినవాడు తప్పు చేశాడని నిరూపించలేం, ఒప్పు చేశాడని వాడూ నిరూపించలేడు. తప్పో ఒప్పో తేల్చడానికి వీల్లేని మాటని అంకె వేసి మరీ చెప్పడం కన్నా పెద్ద బుకాయింపు ఏముంటుంది?

గొప్పవాణ్ణి గొప్పవాడనొద్దని నేను అనడం లేదు. ఎవరిమీద గెలిచాడు, ఎలాంటి రోజున గెలిచాడు, దెబ్బతిన్నాక ఏం చేశాడు అన్నది చెప్పండి, చెవులప్పగించి వింటాను. 1974లో కిన్షాసాలో అలీ తాళ్లకి ఆనుకుని ఫోర్‌మన్ గుద్దులన్నీ ఎందుకు కాచుకున్నాడో విడమరిచి చెప్పండి, అది వంద లిస్టుల పెట్టు. విశాఖ బాక్సర్ నగిసెట్టి ఉషకి 2020లో ధ్యాన్‌చంద్ అవార్డు ఎందుకిచ్చారో కనుక్కుని రాయండి, మన పిల్లలకి పనికొస్తుంది. అవేవీ కుదరవు, లిస్టే రాస్తామంటే నాది ఒకటే షరతు. ప్రతి పేరు పక్కనా, ఆ బాక్సర్ ఆడిన ఏ పోటీని మొదటి గంట నుంచి చివరి గంట దాకా మీరు చూశారో రాయండి. చూడనివాడి పేరు కొట్టేయండి. ఆ షరతు పెడితే ముందు మొదటి కుర్చీ కిందే నేల కదులుతుంది. రాబిన్సన్ మంచి పదునులో ఉన్న వెల్టర్‌వెయిట్ రోజుల పోటీల ఫిల్ము దాదాపు మిగల్లేదు. లిస్టుల్లో ఎప్పుడూ పైనే ఉండే హ్యారీ గ్రెబ్ ఆడిన పోటీల ఫిల్మైతే ఒక్కటీ దొరకదు. వాళ్లు గొప్పవాళ్లు కారని కాదు, మీరు చూడలేదని. అలా కొట్టేసుకుంటూ వచ్చాక మన అత్తిలి చైర్మన్ల లిస్టుల్లో మిగిలేది ఒకటో రెండో పేర్లు, అవీ సినిమాలో చూసినవి. ఆ రెండు పేర్ల లిస్టు వేయండి, చదివి సంతకం పెడతాను.