మెరుగుల మామ

ఇల్లు అమ్మాలనుకున్నవాడు గేటుకు బోర్డు కడతాడు. మెరుగుల మామ గేటు ముందు ఇసుక తోలిస్తాడు.

నంద్యాలలో ఈ రకం మనుషులు సంజీవనగర్ నుంచి నూనెపల్లె దాకా వీధికొకరు తగులుతారు. ఆళ్లగడ్డలో పాత ఇల్లు, నంద్యాలలో కాపురం, బెంగళూరులో కొడుకు: ఈ మూడూ కుదిరితే మెరుగుల మామ తయారైనట్టే. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఒక్క ఫైలు కదిలించి ఎరగడు. రిటైరైన మరుసటి నెల నుంచి గోడలు కదిలించడం మొదలుపెడతాడు. జేబులో టేపు, చెవి మీద పెన్సిలు, చంకలో టైల్సు షాపువాడు ఊరికే ఇచ్చిన క్యాటలాగు. పేర్లు వేరైనా వాళ్లందరి పనీ ఒకటే కాబట్టి, మనకు తెలిసిన ఒక్క మామను చూస్తే చాలు.

మామ సిద్ధాంతం చిన్నది. "ఇంటికి లక్ష పెడితే రేటు మూడు లక్షలు పెరుగుతాదిరా అబ్బయ్యా." ఆయన తోడల్లుడి వియ్యంకుడు బెంగళూరులో ఫ్లాటు అమ్మినప్పుడు అట్లా జరిగిందట. ఫ్లాటు కొనేవాడు గోడలూ గదులూ చూసి కొంటాడు. ఆళ్లగడ్డలో పాత ఇల్లు కొనేవాడు నేల చూసి కొంటాడు, సగంమంది కొన్న నెలకే జేసీబీ పిలిపిస్తారు. పడగొట్టబోయే గోడకు లప్పం పెట్టించడం ఎందుకని అడిగితే మామ మనల్ని జాలిగా చూస్తాడు. "మనిషికి కంటికి ఇంపు కావాల్రా" అంటాడు.

ఆళ్లగడ్డ ఇల్లు ఎనిమిది సెంట్లు. ముందు భాగం రాతి గోడల పాత మిద్దె, వెనక ఎప్పుడో వేసిన స్లాబు గదులు. నేలంతా బేతంచెర్ల బండలు. మే నెల మధ్యాహ్నం చాప కూడా లేకుండా వాటి మీద పడుకుంటే కరెంటు పోయిన సంగతి సాయంత్రం దాకా తెలిసేది కాదు. మామ మొదటి మెరుగు ఆ బండల మీద తళతళలాడే తెల్ల టైల్సు పరిపించడం. ఆ తర్వాత హైదరాబాదు నుంచి వచ్చిన ఒకాయన ఇల్లంతా తిరిగి, "పాత బండలున్నాయని బ్రోకరు చెప్పాడే, ఎక్కడ?" అని అడిగాడు. "కిందనే ఉండాయి సార్, భద్రంగా" అన్నాడు మామ. ఆయన చెప్పులు తొడుక్కున్నాడు.

రెండో మెరుగు సీలింగు. వెనక గది స్లాబు కారుతోంది. బేల్దారి మంచోడు, పనిలో పండినోడు. "సార్, ముందు పైన కారేది ఆపుదాం. పాత గచ్చు తీసేసి, నీళ్లు పోయే వాలు సరిచేసి, వాటర్‌ప్రూఫింగ్ చేస్తే అయిపోతాది" అన్నాడు. "మిద్దెక్కి చూసేదెవురప్పా? కింద నిలబడినోడికి ఏం కనపడతాదో అది చూడు" అని మామ కారే స్లాబు కింద ఫాల్స్ సీలింగు కొట్టించాడు. చుట్టూ నీలిరంగు లైట్లు. మొదటి వానకు సీలింగు మధ్యలో పచ్చటి మరక పడింది. కొనడానికొచ్చినవాళ్లకు అది డిజైనని చెప్పాడు. ఆ డిజైను వానవానకూ సరిహద్దులు పెంచుకుంటూ పోయింది. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి నంద్యాల జిల్లా వేరుపడినట్టు, ఒక తెల్లవారుజామున అందులోంచి ఇంకో చిన్న మరక విడివడి స్వతంత్రంగా బతకసాగింది.

జిల్లా ఏర్పడటం మామ సొంత విజయాల్లో ఒకటి. ఆ రోజు నుంచి సెంటుకు రేటు ఆయనే పెంచేశాడు. జిల్లా ఆఫీసులు వచ్చింది నంద్యాలకు, అమ్మేది ఆళ్లగడ్డలో, మధ్య దూరం నలభై కిలోమీటర్ల పైన అని ఎవరైనా గుర్తుచేస్తే, "జిల్లా ఒకటే కదప్పా" అని ముగిస్తాడు. ఆయన బేరంలో చరిత్రకు కూడా రేటుంటుంది. 1977లో రాష్ట్రమంతా కాంగ్రెస్ గాలి వీస్తుంటే జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డిని గెలిపించింది ఈ నియోజకవర్గమేననీ, ఆయన అదే ఏడాది రాష్ట్రపతి అయ్యాడనీ, 1991లో ప్రధాని పి.వి. నరసింహారావు లోక్‌సభకు ఎన్నికైంది కూడా నంద్యాల నుంచేననీ చెబుతాడు. "మా నాయన ఓటెయ్యను పొయ్యింది ఈ గడప దాటే. ఇటు నవనందులు, అటు అహోబిలం నవనారసింహులు, నడుమ నా ఇల్లు. ఇంకేం కావాలప్పా నీకు?"

కొనేవాడికి కావలసినవి నాలుగే. ఎన్ని సెంట్లు, ఏ ముఖం, నీళ్లున్నాయా, కాగితాలు శుభ్రంగా ఉన్నాయా. ఈ నాలుగింటికీ మామ దగ్గర ఒకటే జవాబు: "ముందు వంటిల్లు చూడండి."

వంటిల్లు నిజంగానే చూడదగ్గది. కడప బండ గట్టు తీసేసి నల్ల గ్రానైటు వేయించాడు. తోస్తే మెత్తగా మూసుకునే అరలు, పొయ్యి మీద పొగ లాగే చిమ్నీ. మొన్న ఆళ్లగడ్డ వెళ్లినప్పుడు అత్త ఆ చిమ్నీ కింద నిలబడి చాలాసేపు పైకి చూసింది. "నేను కాపురానికొచ్చిన కొత్తలో ఈ ఇంట్లోనే కట్టెల పొయ్యి మీద వండినా. పొగకు కళ్లు మండుతాన్నాయి, పైన ఒక గూడు పెట్టించమంటే దండగ అన్నాడు మీ మామ. ఇప్పుడు ముక్కూ మొగం తెలీని ఆయమ్మ ఎవురో వచ్చి వండుతాదని దీన్ని పెట్టించినాడు" అంది. మామ వినపడనట్టు అర ఒకటి తెరిచి మూశాడు. అది మెత్తగానే మూసుకుంది.

ఇక రాతి ఏనుగులు. ఆళ్లగడ్డ శిల్పుల చేతిపని దేశమంతా తెలిసిందే. అక్కడి రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది, ఎక్కడెక్కడి గుళ్లకో విగ్రహాలు ఇక్కడి నుంచే లారీలెక్కుతాయి. ఆళ్లగడ్డలో ఇల్లు పెట్టుకుని గేటుకు రాయి లేకపోతే ఎట్లా అని, తొండమెత్తిన ఏనుగుల జత చెక్కించి గేటుకు ఇరుపక్కలా నిలబెట్టాడు. పని అద్భుతం, ఎవరూ వంక పెట్టలేరు. ఆ తర్వాత చాగలమర్రి వ్యాపారి ఒకాయన ఇల్లు చూడటానికి వచ్చి, వాటి చుట్టూ రెండుసార్లు తిరిగి, "సార్, ఏనుగులు మీరే తీసుకుపోండి, లారీ బాడుగ నాది" అన్నాడు. ఎందుకంటే ఆయన కారు ఆ రెండు తొండాల మధ్య పట్టదు. మామ నంద్యాలలో ఉండేది అపార్టుమెంటు మూడో అంతస్తులో. లిఫ్టులో ఏనుగులు ఎక్కించకూడదని ఎక్కడా రాసి లేదు కదా అని ఆయన అసోసియేషన్ సెక్రటరీని అడిగిన మాట మాత్రం నిజం.

వాస్తు జోలికి పోతే కథ తెగదు. ఒక సిద్ధాంతి సంపును ఈశాన్యానికి మార్చమన్నాడు, మార్చాడు. ఇంకొకరు మెట్లు నైరుతికి జరపమన్నారు, జరిపాడు. కొనడానికొచ్చిన ప్రతివాడూ తన సిద్ధాంతిని తాను తెచ్చుకుంటాడని మామకు అప్పటికి తట్టలేదు. ఇప్పుడు ఆ ఇంట్లో మిద్దెక్కే మెట్లు రెండు జతలు. ఒకటి మాత్రమే మిద్దె మీదికి పోతుంది.

ఒకసారి బ్యాంకు తరఫున ఇంజనీరు వచ్చాడు. కొనేవాడికి లోను కావాలి. ఆయన సీలింగు వైపు తల ఎత్తలేదు. స్థలం కొలిచాడు, స్లాబు వేసి ఎన్నేళ్లయిందని అడిగాడు, ఏడాదికింతని తరుగుదల తీసేశాడు, టీ తాగి పోయాడు. కొనేవాడు చిన్నగా దగ్గి, "మీరు చెప్పే ధరలో మీ మెరుగులు కూడా ఉండాయి కదా సార్. స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం. మీ నీలిరంగు లైట్లకు గూడా నేను స్టాంపు డ్యూటీ కట్టాల్నా?" అన్నాడు. మామకు ఆ ప్రశ్న నచ్చలేదు. మనిషి కూడా నచ్చలేదు.

ఖర్చు పన్నులోనైనా కలిసొస్తుందేమోనని నంద్యాలలో ఆడిటరు దగ్గరికి వెళ్లాడు. ఆడిటరు ఓపికగా చెప్పాడు. పాత ఇల్లు కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను అసలు ధరగా తీసుకోవచ్చు. ఆ తర్వాత చేయించిన శాశ్వతమైన మెరుగుల ఖర్చు దానికి కలుపుకోవచ్చు. రంగులూ చిల్లర రిపేర్లూ కలవవు. లాభం మీద ద్రవ్యోల్బణం సర్దుబాటుతో 20 శాతమా, అది లేకుండా 12.5 శాతమా అన్నది లెక్కేసి, ఏది తక్కువైతే అది కట్టొచ్చు. ఇల్లు 2024 జూలై 23కు ముందే చేతికొచ్చింది కాబట్టి ఆ వెసులుబాటు ఉంది.

"బిల్లులు తెచ్చినారా?"

"బిల్లులెందుకప్పా, లెక్కంతా రాసిపెట్టినాడు బేల్దారి. సిమెంటు ఇంత, ఇసుక ఇంత, కూలి ఇంత. తేదీలతో సహా."

"ఎక్కడ రాసినాడు?"

"నడిమింటి గోడ మీద, పెన్సిలుతో."

"సరే, ఫోటో తీసి పంపండి."

మామ కాసేపు మాట్లాడలేదు. ఆ గోడకు మొన్ననే రెండు కోట్లు రంగు వేయించాడు.

ఈ సంగతులన్నీ చూసీ చూసీ విసిగిన బ్రోకరు ఒకరోజు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మామా, నాకు కమీషను రావాలంటే నీ ఇల్లు అమ్ముడు పోవాల. కాబట్టి అబద్ధం చెప్పను. అమ్మే ఇంటికి చేయాల్సింది గంపెడు లేదు. కారేది ఆపు. కొళాయి బొట్లు బొట్లుగా పడుతాంటే వాషరు మార్చు. బాత్రూము వాసన రాకుండా చూడు. పాత సామాను దొడ్లోంచి తీసేయి. తెల్ల సున్నమో లేతరంగో ఒక కోటు కొట్టించు. కొనేవాడు భయపడేది కనపడే పాతదనానికి కాదు, కనపడని ఖర్చుకు. చెమ్మ చూసినాడంటే మనసులో లక్షలు తీసేస్తాడు. నీ గ్రానైటు చూసి వెయ్యి కలపడు. వాడి పెండ్లానికి ఏ రంగు ఇష్టమో నీకేం తెలుసు?"

"అంతేనా?"

"ఇంకొకటుండాది. అసలుది అదే. ముప్పయ్యేళ్ల ఈసీ, లింకు డాక్యుమెంట్లు, ఇంటిపన్ను రసీదు నీ పేరు మీద. పన్ను ఇంకా పెద్దాయన పేరు మీదే వస్తాంది గదా? వారసుల సర్టిఫికెట్ తెచ్చినావా? ప్రొద్దుటూరు పాప సంతకం పెడతాదా?"

ప్రొద్దుటూరు పాప అంటే మామ చెల్లెలు. ఇంటిమీద అన్ని లక్షలు పోసిన మామ, ప్రొద్దుటూరుకు బస్సు టికెట్టు మాత్రం కొనలేదు. "దానికేం వాటా? పెండ్లిలో బంగారం పెట్టినాం గదా" అన్నాడు. తండ్రి సొంత సంపాదనతో కట్టి, వీలునామా రాయకుండా పోయిన ఇంట్లో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఉందని 1956 వారసత్వ చట్టమే చెప్పింది. ఉమ్మడి ఆస్తిలో కూడా ఆడపిల్లకు హక్కిస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లోనే రాష్ట్ర చట్టం తెచ్చింది, కేంద్రం 2005లో దేశమంతటికీ చేసింది. బ్రోకరు ఇవన్నీ చెప్పలేదు. "సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు గడప ఎన్నిసార్లు తొక్కినోణ్ని నేను, నా మాట విను" అని మాత్రం అన్నాడు.

అట్లా చీర కొన్నారు. కబురు వెళ్లింది. చెల్లెలు చాగలమర్రి మీదుగా బస్సులో దిగింది. బంగారం కొట్ల ఊళ్లో ముప్పయ్యేళ్లు కాపురం చేసిన మనిషి. తూకం తెలుసు, తరుగు తెలుసు. ఏనుగుల మధ్య ఒక పక్కకు తిరిగి లోపలికొచ్చింది. టైల్సు చూసింది, చిమ్నీ చూసింది, రెండు జతల మెట్లు ఎక్కి దిగి చూసింది. మామ మురిసిపోతూ వెనకాలే తిరిగాడు. ఇన్నాళ్లకు ఒక్క మనిషి ఇల్లంతా శ్రద్ధగా చూస్తోంది.

"ఎంత బాగా చేయించినావన్నా! ఇల్లు బో రేటు పలుకుతాది."

"మరేమనుకుంటివి!"

"ఎంతొస్తే అందులో సగం నాది గదా. సంతకం పెడతాలే."

మామ గొంతు సవరించుకున్నాడు. "సగం సరే చెల్లే, ఖర్చు నాది గదా. ముందు అది తీసేసి..."

"నన్నడిగి చేయించినావా అన్నా?"

మెరుగుల వల్ల ఇంటి విలువ పెరుగుతుందన్న మామ సిద్ధాంతాన్ని ఇన్నాళ్లకు ఒకరు పూర్తిగా నమ్మారు. నమ్మిన ఆ ఒక్క మనిషితోనే ఆయన, కాదు, పెద్దగా ఏం పెరగలేదని రెండు గంటలు వాదించాడు. సీలింగు మరక చూపించాడు. మిద్దె కారుతుందని ఒప్పుకున్నాడు. కొనేవాడు ఎట్లాగూ పడగొట్టేస్తాడన్నాడు. ఏనుగులకు ఎవరూ పైసా ఇవ్వరన్నాడు. ఆళ్లగడ్డకు జిల్లా ఆఫీసులు ఎంత దూరమో కిలోమీటర్లతో సహా చెప్పాడు. బ్రోకరు పక్కన కూర్చుని అన్నిటికీ తలాడించాడు.

అంతా విన్నాక చెల్లెలు చీర సంచిలో పెట్టుకుంది. "అంత తక్కువకు పోయేదైతే బయటోళ్లకెందుకన్నా? నీ వాటా నేనే కొంటా. నా మనవరాలు ఇక్కడ బండల మీద పొర్లాడాల. కాకపోతే ఆ టైల్సు, ఆ సీలింగు తీసేయించి ఇయ్యి."

ధర కుదిరింది. తీసేసే కూలి ఎవరిదన్న దగ్గర బేరం ఆగింది.