ఏడాది తర్వాత చెయ్యి లేచిందా అని అడిగినవాడేడీ?

అమీర్‌పేటలో ఇప్పుడు తలెత్తి చూస్తే రెండే రకాల బోర్డులు. ఒకటి కోచింగు, రెండోది కీళ్ళు. మైత్రీవనం దగ్గర బయల్దేరి పంజాగుట్ట దాకా నడవండి. కింద పైథాన్, జావా అంటూ చేతిలో కాగితాలు కుక్కే కుర్రాళ్ళు, పైన మోకాలు, భుజం, స్పోర్ట్స్ ఇంజ్యూరీ అంటూ వెలిగే అక్షరాలు. ఇవే సందుల్లో నేను టైప్ ఇన్‌స్టిట్యూట్ నడిపాను. రెమింగ్టన్ మిషన్లను నేనే ఎత్తేవాణ్ణి, నేనే దించేవాణ్ణి. ఆ చాకిరీ వల్లో, వయసు వల్లో, కుడి జబ్బ ఇప్పుడు అంతంతమాత్రం.

మా రోజుల్లో జబ్బ నొప్పి అంటే పంజాగుట్ట వెళ్ళేవాళ్ళం. నిజాం ట్రస్టు అరవైల్లో కట్టించిన ఎముకల ఆసుపత్రి అక్కడుండేది. ఇవాళ్టి నిమ్స్ అదే. ఎనభైల నడుమ అమెరికా నుంచి కాకర్ల సుబ్బారావు గారొచ్చి డైరెక్టరయ్యాక దాని రూపే మారిపోయింది గానీ, పాతవాళ్ళకి అది ఎముకల ఆసుపత్రే. ఆ రోజుల్లో ఎముకల డాక్టరంటే ముందు చొక్కా విప్పమనేవాడు. వెనక నిలబడి, బొటనవేలు భుజం మీద ఆనించి, రెండో చేత్తో మన చెయ్యి పట్టుకుని మెల్లగా పైకి లేపేవాడు. ఆయన లేపినా లేవలేదా, కీలు బిగుసుకుపోయిందన్నమాట. ఆయన లేపితే లేచి, వదలగానే కూలబడిందా, లోపల ఏదో తెగిందన్నమాట. మన మొహంలో నొప్పి ఎక్కడ మొదలైందో కూడా చూసేవాడు. ఇప్పుడు డాక్టరు దర్శనానికి ముందే ఎమ్మారై తీయించుకుని రావాలి. ఆయన కంప్యూటర్ వంకే చూస్తాడు. చొక్కా గుండీ ఒక్కటీ విప్పే పని లేదు.

ఆ రిపోర్టు చదివితే సగం ప్రాణం అక్కడే పోతుంది. భుజం గుండు చుట్టూ నాలుగు కండరాల కొసలు కలిసి ఒక పట్టీలా అల్లుకుని ఉంటాయి. దాన్నే రొటేటర్ కఫ్ అంటున్నారు. అందులో చిరుగు ఉందని రాస్తే ఇంటిల్లిపాదీ ఆపరేషన్ తేదీ వెతుక్కుంటారు. 1995లో అమెరికాలో ఓ పని చేశారు. భుజం నొప్పి అన్న మాటే ఎరగని 96 మందికి ఎమ్మారై తీశారు. వాళ్ళలో అరవై దాటినవాళ్ళను చూస్తే నూటికి 54 మందికి ఆ పట్టీ ఎంతో కొంత చిరిగే ఉంది! తల నెరిసినట్టే అదీ నెరుస్తుంది. ఈ సంగతి రిపోర్టు అడుగున ఒక్క ముక్క రాస్తే వాళ్ళ సిరా ఏం తరిగిపోతుందో నాకు తెలీదు.

ఆపరేషన్ల కథ ఇంకా ముచ్చటైంది. భుజం పైకప్పులా ఉండే ఎముక పట్టీని ఒరుసుకుంటోంది కాబట్టి దాని అడుగును గీకి చోటు చేయాలని 1972లో చార్లెస్ నీర్ అనే అమెరికా సర్జన్ చెప్పాడు. వినడానికి సబబుగానే ఉంది. దేశదేశాల్లో లక్షలమందికి గీకారు. నలభై ఏళ్ళు దాటాక ఇంగ్లండు వాళ్ళకు అనుమానమొచ్చింది. 313 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు నిజం ఆపరేషన్. రెండో జట్టుకు మత్తిచ్చి, దుర్బీను గొట్టం పెట్టి, లోపల చూసి, ఏమీ గీకకుండా కుట్లు వేశారు. మూడో జట్టును ఊరికే వదిలేశారు. గీకించుకున్నవాళ్ళకూ, ఉత్తుత్తి కుట్లు పడ్డవాళ్ళకూ నొప్పిలో తేడా లేదని 2017 చివర్లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. మూడో జట్టు కంటే ఈ రెండు జట్లూ కాస్త మెరుగు, కానీ ఆ కాస్త లెక్కలోకి వచ్చేంత కాదు. మరుసటి ఏడు ఫిన్లాండు వాళ్ళూ ఇలాంటి పరీక్షే పెట్టి దాదాపు అదే మాటన్నారు. 2019కల్లా, చిరుగు లేని ఉత్త ఒరిపిడి నొప్పికి ఆ ఆపరేషన్ వద్దని బ్రిటిష్ మెడికల్ జర్నల్ నిపుణుల సంఘం గట్టిగానే చెప్పింది.

వ్యాయామం సంగతి కూడా తేల్చారు. 2021లో ఇంగ్లండులోనే 708 మంది మీద. కొందరికి ఫిజియోథెరపిస్టు ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పి, పుస్తకం చేతికిచ్చి ఇంటికి పంపాడు. మిగతావాళ్ళను ఆరు విడతల దాకా పిలిపించి చేయించాడు. ఏడాది గడిచేసరికి ఇద్దరూ ఇద్దరే. స్టెరాయిడ్ సూది మొదటి రెండు నెలలు కాస్త ఉపశమనం ఇచ్చింది, ఏడాదికి దాని జాడే లేదు. ఇది చదివి నేను మా ఇంట్లో పండగ చేసుకున్నాను. గోడ మీద వేళ్ళతో పాకించడం, దూలానికి తాడేసి లాగడం, ముందుకు వంగి చేతిని ఊపడం: మా కాలంలో భుజానికి చెప్పే వైద్యం అంతే కదా!

అలాగని మా రోజులు స్వర్ణయుగమని చెప్పబోవడం లేదు. తాడు లాగి బాగుపడ్డవాడు మళ్ళీ ఆసుపత్రికి రాడు. బాగుపడనివాడు పుత్తూరు కట్టుకో, అమీర్‌పేట ప్రకృతి చికిత్సాలయానికో వెళ్ళాడు. రెండూ కుదరకపోతే ఎడంచేత్తో తినడం నేర్చుకున్నాడు. ఎంతమంది ఎటు పోయారో రాసిపెట్టిన పుస్తకం ఏదీ నా కంటపడలేదు. డాక్టరు చెయ్యి మంచిదనేవాళ్ళం, అంతే.

ముందుకు వంగి చేతిని ఊపే ఆ వ్యాయామం కనిపెట్టిన బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్‌మన్ కథ వింటే నాకు ఒళ్ళు మండుతుంది. తెగిన ఆ పట్టీని కుట్టడం గురించి 1911లోనే రాసినవాడు ఆయన. ఆయనకున్న జబ్బు ఒక్కటే. ఆపరేషన్ చేసిన ప్రతి మనిషినీ ఏడాది తర్వాత పిలిచి, ఏమైంది, ఎందుకయింది అని కార్డు మీద రాయాలంటాడు. తన సొంత ఆసుపత్రిలో చూసిన 337 మంది లెక్కలు బయటపెట్టి, అందులో 123 పొరపాట్లు జరిగాయని తనే అచ్చేశాడు. అందరు డాక్టర్లూ అలా అచ్చేయాలన్నాడు. 1915లో ఒక సభలో, ఇసుకలో తల దూర్చి బంగారు గుడ్లను డాక్టర్లకేసి తన్నే నిప్పుకోడి బొమ్మ చూపించాడు. ఇంకేముంది, తోటి డాక్టర్లు వెలివేసినంత పని చేశారు. 1934లో భుజం మీద పెద్ద పుస్తకం రాసి తన డబ్బుతోనే వేసుకున్నాడు. 1940లో పోతే సమాధి మీద పేరున్న రాయి పడడానికి 2014 దాకా పట్టింది.

మన హైదరాబాదుకు ఇలా పరీక్షించి రాసిపెట్టడం కొత్తేం కాదు. 1888, 89ల్లో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి డాక్టరు లారీ, మత్తుమందు క్లోరోఫాం ఎంత భద్రమో తేలుద్దామని వందలాది కుక్కల మీదా కోతుల మీదా పరీక్షలు చేశాడు. ఆరో నిజాం డబ్బిచ్చి లండన్ నుంచి పెద్ద డాక్టరును రప్పించాడు. ఆ పనిలో పాలుపంచుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ తర్వాత మత్తు డాక్టరుగా పేరు తెచ్చుకుంది. క్లోరోఫాం ఎక్కువైతే ముందు ఆగేది ఊపిరే, గుండెకు ఢోకా లేదని ఆ పరీక్షలు చేసిన కమిషన్ తేల్చింది. అది తప్పని ఇరవై ఏళ్ళకు ఇంకొకరు నిరూపించారు. తప్పయితే అయింది, రాసిపెట్టారు కాబట్టి తప్పని తెలిసింది.

ఇప్పుడు రాయడానికి ఏం రోగం? రెక్కాడితే గాని డొక్కాడనివాళ్ళే కదా భుజంతో ఎక్కువ బాధపడేది. నేను చూపించుకున్న చోటు నుంచి ఫోన్‌కి మెసేజీలు తెగ వస్తాయి. పార్కింగు ఎలా ఉంది, రిసెప్షన్ ఎలా ఉంది, ఎన్ని చుక్కలిస్తారు అని. చెయ్యి ఎంతవరకు లేస్తోంది అని మాత్రం ఎవడూ అడగడు. అడగడానికి చక్కటి ప్రశ్నలు ఉన్నాయి కూడా. 1996లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు పన్నెండు ప్రశ్నల కాగితం తయారుచేశారు. అన్నిటికీ కలిపి 48 మార్కులు. కత్తీ ఫోర్కూ ఒకేసారి పట్టుకోగలరా? భోజనం పళ్ళెం పట్టుకుని గది దాటగలరా? ఇలా సాగుతాయి. మనకైతే వేరేవి కావాలి. తడిసిన పంచె దండెం మీద వేయగలరా? గోచీ వెనక్కి దోపుకోగలరా? అటక మీది ఆవకాయ జాడీ అందుతుందా? ఎవరి సాయమూ లేకుండా జడ వేసుకోగలరా? మెట్రోలో అమీర్‌పేట దగ్గర జనం తోసేసినప్పుడు పైనున్న పట్టీ అందుకోగలరా? ఈ చివరి దానికి నాకు సున్నా.

తెగిన పట్టీని కుట్టే ఆపరేషనే దండగ అని ఎవరైనా నా పేరు చెప్పి ప్రచారం చేసేరు. స్కూటరు మీంచి పడి అప్పటికప్పుడు చెయ్యి లేవని కుర్రాడు గోడ మీద వేళ్ళు పాకిస్తూ కూర్చోకూడదు, వెంటనే సర్జన్ దగ్గరికి వెళ్ళాలి. నార్వే వాళ్ళు 103 మందిని పదేళ్ళు వెంటాడారు. ఐదేళ్ళప్పుడు వ్యాయామానికీ కుట్టుకీ పెద్ద తేడా కనిపించలేదు, పదేళ్ళకు కుట్టించుకున్నవాళ్ళదే పైచేయి అయింది. ఇంకో విడ్డూరం. బ్రిటన్‌లో కుట్టించుకున్నవాళ్ళను మళ్ళీ పరీక్షిస్తే దాదాపు నూటికి నలభై మందికి ఆ కుట్టు ఊడిపోయింది, అయినా చాలామంది బాగానే ఉన్నారు! మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు చెయ్యి జోలెలో ఉండాలి, బరువులెత్తాలంటే నెలలు పడుతుంది. నెలలో మామూలు మనిషివైపోతావని చెప్పేవాణ్ణి నేనైతే నమ్మను.

మొన్న మూడో అంతస్తులో ఒక క్లినిక్‌కి వెళితే, ఫిజియోథెరపీ అమ్మాయి ఇరవై సిట్టింగుల ప్యాకేజీ తీసుకోమంది. నేను ఊరుకుంటానా? 708 మంది కథ మొదలుపెట్టి ఏడాది లెక్క దాకా చెప్పి, ఒక్కసారి సరిగ్గా చెబితే చాలని ఋజువైందమ్మా అన్నాను. ఆ పిల్ల శ్రద్ధగా విని, "అయితే అంకుల్, పోయినసారి చెప్పినవి ఇంట్లో రోజూ చేస్తున్నారా?" అంది. చేస్తున్నానని చెప్పబోయాను గానీ, పక్క కుర్చీలో మా ఆవిడ ఉంది.