మోడల్లో అందరి బోర్లూ పడతాయి

జల బడ్జెట్ మాట రాకుండా ఇప్పుడు వ్యవసాయ సమావేశం ముగియడం లేదు. నది, భూగర్భజలం, పంట రాబడి మూడింటినీ ఒకే లెక్కలో కలిపితే రాయలసీమ గట్టెక్కుతుందట. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మూసీ పరివాహకంలో అలాంటి మోడల్ కట్టారు. దాన్నెవరూ కాదనరు. ఆ మోడల్ బొమ్మలు చూపించి రాయలసీమలోని బత్తలపల్లి రైతుకు బుద్ధి చెప్పబోయేవాళ్లతోనే పేచీ.

వాళ్ల లెక్కలో ఒక రైతుంటాడు. మహానుభావుడు! అప్పు లేదు, పంట ధర ముందే తెలుసు. చెప్పిన మరుక్షణం చీనీ చెట్లు కొట్టేసి కొర్ర చల్లేస్తాడు.

అన్నిటికంటే ముచ్చటైనది అతని బోరు. ఎప్పుడు వేసినా నీళ్లు పడతాయి. 2004 నుంచి సేద్యానికి కరెంటు ఉచితం కాబట్టి తోడే ఖర్చు సున్నా.

బత్తలపల్లి చుట్టూ ఉన్నది రాతి నేల. పగులు తగిలినవాడికి నీళ్లు, గట్టు అవతలివాడికి దుమ్ము. మోడల్ మాత్రం ఇద్దరికీ ఒకే సగటు నీటిమట్టం పంచుతుంది.

మొదటి బోరు దుమ్ము కక్కితే రెండోది, అదీ పోతే పొలం ఇంకో మూల మూడోది. అడుగుకింతని బండివాడికి, కేసింగ్ పైపులకు, ఆ అప్పుకు వడ్డీకి పోసిన డబ్బు ఏ గడిలో రాస్తారు? ఎండుబోరు సాగు ఖర్చులోకి రాదు, దాంతో పంట పండలేదుగా! ఈ సూక్ష్మం వడ్డీవ్యాపారికి ఇంకా అందలేదు.

అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీటి జాడ చెప్పేవాణ్ణి చూసి నిపుణులు నవ్వుతారు. వాడైనా పొలానికి వస్తాడు.

ఇక వెటకారం చాలు. ఇక్కడ ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, కర్ణాటకలో పుట్టి అక్కడి పరగోడు ఆనకట్ట దాటితే తప్ప ధర్మవరం ముఖం చూడని చిత్రావతి. ఈ సంగతి రైతుకు ఒకరు చెప్పాలా? కొర్ర వేయమని గద్దించేవాళ్లు కేంద్రం మద్దతు ధరల జాబితా ఒక్కసారి తిరగేయాలి. జొన్న ఉంది, సజ్జ ఉంది, రాగి ఉంది. కొర్ర లేదు. నీళ్లు మిగిల్చినవాడికి రూపాయి మిగలకపోతే ఆ తప్పు రైతుదా?

పైగా ఈ జల బడ్జెట్ విద్య ఇక్కడికి కొత్తదా? 2000ల దశకంలో నెదర్లాండ్స్ నిధులతో, ఎఫ్‌ఏఓ తోడ్పాటుతో ఉమ్మడి అనంతపురం సహా ఏడు జిల్లాల్లో రైతులే భూగర్భజలాన్ని చూసుకునే ఏపీ ఫామ్‌జీఎస్ ప్రాజెక్టు నడిచింది. రైతులే వాన కొలిచారు, బోర్లలో మట్టం చూశారు, రబీకి ముందు కూర్చుని ఎంత నీరుందో, ఏ పంటకు ఎంత కావాలో లెక్క వేసుకున్నారు. ఫలానా పంటే వేయాలని ఎవరూ శాసించలేదు. ప్రాజెక్టు గడువు తీరింది, నిధులు ఆగాయి. ఇప్పుడు అదే రైతుకు నీళ్ల లెక్క తెలియదని మళ్లీ మొదటి స్లైడు వేస్తున్నారు.