మావయ్యగారి నడుం నిలబెట్టే విధానం

ఇంట్లో పెద్దాయనకి పార్కిన్సన్స్ వచ్చి నడుం వంగిపోయిందా? కంగారు పడకండి. మందు మన నోట్లోనే ఉంది. “నిటారుగా నడవండి మావయ్యగారూ!” అని పొద్దుటి కాఫీ నుంచి రాత్రి మజ్జిగన్నం దాకా అంటూనే ఉండాలి. అన్నప్పుడల్లా ఆయన లేచి నిలబడతారు, నాలుగడుగులకే మళ్ళీ ముందుకి వాలిపోతారు. అది మొండితనం. మెదడులో డోపమిన్ తగ్గిపోయి ఒంటికి ఆజ్ఞ సరిగా అందట్లేదని న్యూరాలజీ డాక్టరు అంటాడు. అననివ్వండి. మన భీమవరంలో ఆజ్ఞలిచ్చేవాళ్ళకి కొరతా?

అనుమానముంటే ఆయన్ని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి చూడండి. అప్పటిదాకా విల్లులా వంగిన నడుం పరుపుకి చక్కగా ఆనుకుపోతుంది. దొరికిపోయారు కదూ! లేస్తే వంగడం, పడుకుంటే సాపైపోవడం ఈ జబ్బులో వచ్చే వంపుకి గుర్తేననీ, దాన్ని కాంప్టోకార్మియా అంటారనీ ఎవరైనా చెప్పబోతే, అంత పొడుగు పేరున్న జబ్బు మన జిల్లాలో ఉండదని తేల్చేయండి. ఒళ్ళు ముందుకి వంగుతుందని 1817లోనే జేమ్స్ పార్కిన్సన్ రాశాడట. లండన్ డాక్టరుకి మన మావయ్యగారి సంగతేం తెలుసు?

తర్వాత ఆదర్శం చూపించాలి. 2022 జులై 4న ప్రధాని ఆవిష్కరించిన అల్లూరి విగ్రహం దగ్గరికి మిట్టమధ్యాహ్నం తీసుకెళ్ళండి. ఆ 30 అడుగుల కంచు మనిషిని తలెత్తి చూడమని, “ఆయన వంగారా?” అని అడగండి. తలెత్తగానే వెనక్కి తూలితే పట్టుకోవడానికి ఎవరో ఒకరు ఉంటారులెండి.

ఈమధ్య మందు మార్చాక ఓ పక్కకి ఒరుగుతున్నారా? ఆ మాట డాక్టరు చెవిన వేయకండి, రెండో పక్క తలగడ పెట్టండి. లెవోడోపా మాత్ర రొయ్యల వేపుడుతోనే వేయించండి. మాంసకృత్తులు ఆ మందుకి అడ్డం పడతాయనీ, తిండికి అరగంట ముందే వేసుకోవాలనీ చెప్పేవాళ్ళు రొయ్యల ఊరివాళ్ళు కారు. కళ్ళు తిరుగుతున్నాయంటే చీటీ అడగని షాపులో సిన్నరిజిన్ కొనండి. ఆ బిళ్ళ వణుకునీ బిగుతునీ పెంచుతుందని అడ్డుపడే కుర్రాడు తగిలితే పక్క షాపుకెళ్ళండి. జువ్వలపాలెం రోడ్డులో షాపులకి లోటా?

నడుం బెల్టు మాత్రం పొద్దున్నుంచి పడుకోబోయేదాకా బిగించి ఉంచాలి. కండలకి పని తప్పితే బలం తగ్గుతుందంటారు. ఆయన పనేం చెయ్యాలి గనక? ఫిజియోథెరపీ అమ్మాయి మడమలూ భుజాలూ గోడకి ఆనించి నిలబడమంటుంది, కాసేపు బోర్లా పడుకోమంటుంది, చేతులూపుతూ పెద్ద పెద్ద అంగలు వేయమంటుంది. అదీ మాత్ర బాగా పనిచేసే వేళ చూసి, రోజూ, పక్కన ఒక మనిషి ఉండి చేయించాలట! రొయ్యల చెరువు దగ్గర ఏరియేటర్లు ఆగిపోయాయని ఫోన్ల మీద ఫోన్లు వస్తుంటే అంత తీరిక ఎవరికండీ? వారం కాగానే ఆ అమ్మాయిని మానిపించేయండి. మిగిలిన డబ్బుతో బాగా కుంగిపోయే సోఫా ఒకటి కొని, టీవీని గోడకి ఇంకో మూరెడు కిందకి దించి బిగించండి. మావయ్యగారు ఇక తల ఎత్తాల్సిన పనే ఉండదు.